బూజు పట్టిన డాగ్‌ఫుడ్: ఏరి, ఎండబెట్టి పెట్టొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో అయిదేళ్ల లాబ్రడార్ ఉంది, పేరు రాకీ. ఒక పిల్లి కూడా ఉంది. దాని తిండి దానికి వేరే పెట్టినా రాకీ గిన్నెలో మిగిలింది కూడా తినేస్తుంది. ఆ మధ్య ఆఫర్‌లో వస్తోందని మావారు పది కిలోల డాగ్‌ఫుడ్ బస్తా తెచ్చారు. దాన్ని కోసి ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, కవరు పారేశాం. ఈలోగా ముసురు పట్టింది. మొన్న డ్రమ్ము సగానికి వచ్చాక చూస్తే అడుగున గింజలు ఉండలు కట్టి, తెల్లగా, అక్కడక్కడ పచ్చగా బూజు కనిపించింది. ముక్కిపోయిన వాసన. అప్పటికే రెండు మూడు రోజులుగా రాకీ గిన్నెలో సగం వదిలేస్తున్నాడు. ఒకసారి వాంతి చేసుకున్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు గానీ మునుపటి హుషారు లేదు. బూజు పట్టినవి ఏరేసి మిగతావి మేడ మీద ఎండబెట్టాం. ఇక పెట్టొచ్చు అంటారు మావారు. వాడికి వద్దనుకుంటే గేదె కుడితిలో కలిపేద్దాం, అంత డబ్బు పోసి కొన్నది పారేస్తామా అంటారు మా అత్తగారు. డల్లాస్‌లో ఉన్న మా చెల్లేమో, అమెరికాలో ఇలాంటి తిండి తిని కుక్కలు చచ్చిపోయాయంటూ ఫోన్ చేసి టెన్షన్ పెడుతోంది. ఎవరి మాట వినాలి? అసలు ప్యాకెట్ తిండి మానేసి ఇంట్లో వండిపెడితే ఈ గొడవ ఉండదు కదా?

— ఒక పాఠకురాలు

సమాధానం: రాకీ సంగతి ముందు, బస్తా సంగతి తర్వాత.

ఇది చదివేసరికి వాణ్ని డాక్టరుకు చూపించి ఉండకపోతే ఇవాళే తీసుకెళ్లండి. "బాగానే ఉన్నాడు గానీ హుషారు లేదు" అని రాశారు చూడండి, ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది. లాబ్రడార్ తిండి దగ్గర మొహమాటపడే జాతి కాదు. అది రెండు మూడు రోజులు వరసగా గిన్నెలో సగం వదిలేసిందంటే, ఒకసారి వాంతి చేసుకుందంటే, ఆ తర్వాత నీరసంగా తిరుగుతోందంటే బూజు తిండిలోకి వదిలిన విషంతో కాలేయం మీద దెబ్బ పడిందేమోనని అనుమానించాల్సిందే. పడి ఉండకపోవచ్చు కూడా. కానీ పైకి చూసి చెప్పగలిగేది కాదిది. కాలేయం సగానికి పైగా పాడయ్యేదాకా బయటికి ఏమీ చూపించని కుక్కలు ఉంటాయి.

బయల్దేరే లోపు ఇంట్లోనే ఒకసారి చూడండి. ట్యూబ్‌లైటు కింద కాదు, పగటి వెలుతురులో, గుమ్మం దగ్గర కూర్చోబెట్టుకుని. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. లాబ్రడార్లకు చిగుళ్లు చాలాచోట్ల నల్లగానే ఉంటాయి, గులాబీ రంగు ఉన్నచోట వెతకాలి. అక్కడ పసుపు ఛాయ ఉందా, లేక మరీ పాలిపోయి ఉందా? కంటి తెల్లగుడ్డు, చెవి లోపలి చర్మం కూడా చూడండి. వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద వెంట్రుకలు పల్చగా ఉండేచోట కమిలినట్టు మచ్చలు ఏమైనా ఉన్నాయేమో చూడండి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తోందా, విరేచనం తారులా నల్లగా ఉందా గమనించండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా "రేపు చూద్దాం" అనుకోకూడదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు చాలావరకు కాలేయంలోనే తయారవుతాయి. అది చెడిపోతే లోపల రక్తస్రావం మొదలవుతుంది.

ఏమీ కనిపించకపోయినా రక్తపరీక్ష మానకండి. లివర్ ఎంజైములు, బిలిరుబిన్, ఆల్బుమిన్, వీలైతే రక్తం గడ్డకట్టే సమయం చూడమని అడగండి. మీకు దగ్గర్లో ఈ సౌకర్యం లేకపోతే గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది. మొదటి రిపోర్టు బాగా వచ్చినా కొద్దిరోజుల తర్వాత ఇంకోసారి చేయిద్దామని డాక్టరు అంటే ఖర్చు అనుకోకుండా చేయించండి.

అక్కడ మీరు తప్పకుండా చెప్పాల్సిన మాట: "వీడు బూజు పట్టిన తిండి తిన్నాడు, ఇన్ని రోజులు తిన్నాడు." చాలామంది ఇది చెప్పరు. సిగ్గుపడి కొందరు, గుర్తురాక కొందరు. చెప్పకపోతే డాక్టరు దృష్టి వేరేవాటి మీదికి వెళ్తుంది. అందులో ఆయన తప్పేమీ లేదు. మన జిల్లాల్లో వానాకాలంలో కుక్క కళ్లు పచ్చబడ్డాయంటే ముందు గుర్తొచ్చేవి ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్, గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ రకాలు. అందుకని మీరు కూడా తిండి వల్లేనని తీర్మానించేసుకుని వెళ్లకండి. ఆ పరీక్షలూ చేయమంటారు, చేయించండి. రెండూ ఒకేసారి ఉన్న కుక్కలు కూడా ఉంటాయి.

ఆ బూజు విషానికి విరుగుడు మందు లేదు. సెలైన్, విటమిన్ కె, కాలేయానికి ఊతమిచ్చే సైలిమరిన్ లాంటి మందులు, పరిస్థితి మరీ ముదిరితే ప్లాస్మా ఎక్కించడం, అంతే. అందుకే ఎంత ముందు వెళ్తే అంత మేలు. మెడికల్ షాపులో లివర్ టానిక్ ఒకటి తెచ్చి పోసి ఊరుకోకండి. ఒళ్లు వేడిగా ఉందని పారాసిటమాల్ అసలు వేయొద్దు, కుక్క కాలేయానికి అదే ఇంకో దెబ్బ. పిల్లికైతే ఒక్క మాత్రతోనే ప్రాణం మీదికి వస్తుంది. ఉప్పునీళ్లు పోసి కక్కించాలని చూడకండి. ఎప్పుడో తిన్నది ఇప్పుడు కక్కిస్తే ఏం వస్తుంది?

మీ పిల్లి గురించి ఒక ముక్కే రాశారు గానీ దాన్నీ బుట్టలో పెట్టి తీసుకెళ్లండి. పిల్లులు ఈ విషంతో జబ్బుపడ్డట్టు బయటపడే సందర్భాలు తక్కువ. వాటికి తిండి దగ్గర పట్టింపులెక్కువ, వాసన తేడాగా ఉంటే ముట్టవు. అంతేగానీ వాటి కాలేయం గట్టిదని కాదు, కుక్కకు ప్రమాదమయ్యే మోతాదు దానికీ ప్రమాదమే. పిల్లితో ఇంకో చిక్కు ఉంది. ఏ కారణం వల్లనైనా రెండు మూడు రోజులు తిండి మానేస్తే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, ఒంట్లోని కొవ్వు వచ్చి కాలేయంలో పేరుకుపోయి అదే ఓ పెద్ద జబ్బవుతుంది. కాబట్టి పిల్లి తినడం లేదంటే "ఆకలేస్తే అదే తింటుందిలే" అని ఊరుకోకూడదు.

ఇక బస్తా.

మీ ఇంట్లో జరుగుతున్న వాదనంతా బూజు చుట్టూ తిరుగుతోంది. బూజు ఉందా, ఏరేశామా, ఎండిందా అని. ప్రాణం తీసేది బూజు కాదు, అది పెరుగుతూ గింజలోకి వదిలిన విషం. దాని పేరు అఫ్లాటాక్సిన్. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్‌జిల్లస్ పారాసిటికస్ అనే శిలీంధ్రాలు దీన్ని తయారుచేస్తాయి. ఇందులో ముఖ్యమైన రకాలు నాలుగైదు ఉన్నా అందరూ భయపడేది బి1 రకానికి. దీనికి రంగు, రుచి, వాసన తెలియవు. బూజు చచ్చిపోయినా, రాలిపోయినా, గింజను పిండి చేసి పెద్ద యంత్రాల్లో ఉడికించి బిళ్లలుగా వత్తినా విషం చాలావరకు అలాగే ఉండిపోతుంది. 200 డిగ్రీలు దాటిన వేడికి కూడా పూర్తిగా విరగని పదార్థం, మేడ మీద మధ్యాహ్నం ఎండకు ఏమవుతుంది? ఎండబెడితే తడి పోతుంది, కొత్త బూజు రాదు. అప్పటికే దిగిన విషం ఎక్కడికీ పోదు. బాణలిలో వేయించినా, కుక్కర్‌లో పెట్టినా అంతే.

పైగా ఈ విషం డ్రమ్మంతా సమానంగా పరుచుకుని ఉండదు. బస్తా కందిపప్పులో ఒక్క రాయి ఉన్నట్టు ఉంటుంది. పిడికెడు తీసి చూస్తే తగలకపోవచ్చు, తగిలిందంటే పన్ను విరుగుతుంది. కంటికి శుభ్రంగా కనిపిస్తున్న గింజలు మంచివని చెప్పలేం. మీ డ్రమ్ములో కనిపించిన పచ్చ బూజు ఈ విషాన్ని తయారుచేసే రకం కాకపోయి ఉండొచ్చు కూడా. రంగు చూసి చెప్పడం నా వల్ల కాదు, మైక్రోస్కోపు లేకుండా ఎవరి వల్లా కాదు. తెలియదు కాబట్టి పెట్టేద్దాం అనుకుంటారా, తెలియదు కాబట్టి మానేద్దాం అనుకుంటారా? నేను రెండోదే అంటాను. మీవారికి చెప్పండి, ఆఫర్‌లో మిగిలిన డబ్బుకు ఎన్నో రెట్లు సెలైన్ సీసాలకు అవుతుంది.

మీ చెల్లెలు చెప్పింది నిజంగా జరిగిందే, పుకారు కాదు. 2020 డిసెంబరు 30న అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. మిడ్‌వెస్టర్న్ పెట్ ఫుడ్స్ అనే కంపెనీ ఓక్లహామా రాష్ట్రంలోని తన ప్లాంటులో తయారుచేసిన స్పోర్ట్‌మిక్స్ అనే తిండిలో అఫ్లాటాక్సిన్ మితిమీరి ఉందని. అప్పటికి చనిపోయినట్టు తెలిసిన కుక్కలు 28. జనవరి 11న కంపెనీ ఆ ప్లాంటులో మొక్కజొన్న కలిపి చేసిన కుక్కల తిండి, పిల్లుల తిండి చాలా రకాలను వెనక్కి పిలిపించింది. జనవరి 21 నాటికి ఎఫ్‌డీఏకు అందిన లెక్క 110కి పైగా చావులు, 210కి పైగా జబ్బులు. అన్నీ పరీక్షల్లో నిర్ధారణ అయినవి కావని ఎఫ్‌డీఏనే చెప్పింది. అక్కడ పెంపుడు జంతువుల తిండిలో అఫ్లాటాక్సిన్ 20 పీపీబీ దాటకూడదు. అంటే టన్ను మేతలో 20 మిల్లీగ్రాములు, చిటికెడు కూడా కాదు. ఆ తిండి నమూనాల్లో 558 దాకా వచ్చింది. అంతకుముందు 2005 చివర్లో డైమండ్ అనే కంపెనీ సౌత్ కరొలినా ప్లాంటు నుంచి వచ్చిన తిండితోనూ ఇలాగే వందకు పైగా కుక్కలు చనిపోయాయి. రెండుసార్లూ దోషం మొక్కజొన్నదే.

కానీ మీ చెల్లెలు ఒక తేడా చూడలేదు. అమెరికాలో ఆ బస్తాల్లో బూజు కనిపించలేదు. కొత్త బస్తా, మంచి వాసన, మంచి రంగు. విషం చేలో ఉన్నప్పుడో గోదాములో ఉన్నప్పుడో మొక్కజొన్నలోకి దిగి, ఫ్యాక్టరీ గేటు దాటి, యంత్రంలోంచి బయటికొచ్చి బస్తాలో కూర్చుంది. మీ ఇంట్లో జరిగింది వేరు. ఇక్కడ తిండి మంచిదే వచ్చి ఉండొచ్చు, డ్రమ్ములో తడి చేరి బూజు పట్టింది. మొదటిది ఆపడం కంపెనీ పని, వచ్చిన ప్రతి లోడు గింజనూ పరీక్షించి గానీ దించుకోకూడదు. రెండోది మన చేతిలో ఉంది. ఈ రెంటినీ కలిపేసి భయపడితే చివరికి ఏదీ చేయలేం. అమెరికా వార్తలు చదివి బస్తా వాసన చూసుకుంటూ కూర్చున్నందువల్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చే విషం దొరకదు.

కుక్కకే ఎందుకింత కష్టం అంటే, దాని కంచం చూడండి. మనం ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం పప్పూ కూరా, రాత్రి ఇంకోటి తింటాం. ఏదో ఒకదాంట్లో దోషం ఉన్నా పదింటిలో కలిసి పల్చబడుతుంది. కుక్క పొద్దునా సాయంత్రం అదే బస్తాలోంచి, నెలా నెలన్నర, ఇంకేమీ లేకుండా తింటుంది. బస్తాలో విషం ఉంటే రోజూ కొంచెం కొంచెం ఒంట్లోకి వెళ్తూనే ఉంటుంది. లోపలికి వెళ్లాక కాలేయంలోని ఎంజైములే దాన్ని ఇంకా ప్రమాదకరమైన రూపంలోకి మారుస్తాయి. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి కుక్కకు తక్కువ.

మనుషులకూ ఒకే గింజ తినాల్సి వస్తే గతి ఇదే. 1974లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాంస్‌వాడా జిల్లాల్లో గిరిజన గ్రామాల్లో కామెర్లు, పొట్టలో నీరు చేరడం మొదలైంది. 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు. కోతల వేళ వానలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నే వాళ్ల ఆహారం. అదే తిన్న ఊరి కుక్కలకూ అవే లక్షణాలు. వెళ్లి తేల్చింది మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు. ఆ గ్రామాల్లో అదొక్కటే తిండి, ఏరి పారేసే స్తోమత లేదు. మనకు ఉంది.

ఇక మీ అత్తగారి కుడితి. నాకు వచ్చే ఉత్తరాల్లో ఈ మాట తరచూ వస్తుంది, మనుషులు తిననిది కుక్కకు, కుక్క తిననిది గొడ్డుకు అని. ఆవిడకు ఇలా చెప్పి చూడండి. గేదె తిన్న అఫ్లాటాక్సిన్‌లో కొంత భాగం రూపు మార్చుకుని ఎం1 అనే పేరుతో పాలల్లోకి వస్తుంది, అదీ తిన్న ఒక రోజు లోపే. పాలు కాచినా పోదు, తోడు పెట్టినా పోదు. ఆ పాలు తాగేది ఎవరు, మీ పిల్లలే కదా! కిలో పాలలో ఇది అర మైక్రోగ్రాము దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం పెట్టింది, అంటే ఎంత సూక్ష్మంగా చూస్తున్నారో అర్థం చేసుకోండి. మేత మారిస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు శుభ్రపడతాయి. కాబట్టి ఇప్పటికే ఒక పూట వేసి ఉంటే కంగారు పడకుండా ఆపేయండి, ఆ నాలుగు రోజుల పాలు పిల్లలకు పోయకండి.

కోళ్లకూ వేయకండి. బాతు పిల్లలు ఈ విషానికి అన్నింటికంటే ముందు చనిపోతాయి. అసలు ఈ విషం ప్రపంచానికి తెలిసిందే పక్షుల చావులతో. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, ఎందుకా అని ఆరా తీస్తే బ్రెజిల్ నుంచి దిగుమతైన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. వేరుశనగ చెక్క అంటే మన కుడితిలో పడేదే. అనంతపురం వైపు పంట చివర్లో వానలు మొహం చాటేసి భూమి కాలిపోయే ఏడు కాయలోకి ఈ శిలీంధ్రం ఎక్కువగా దిగుతుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు ఏళ్ల తరబడి దీని మీద పనిచేస్తున్నారు. మీ గేదెకు వేసే చెక్క కూడా బూజు వాసన వస్తే పక్కన పెట్టాల్సిందే.

వీధి కుక్కలకు వేసేద్దామా అని మీరు అడగలేదు గానీ, తర్వాత ఆ ఆలోచన వస్తుంది, అందుకే ముందే చెబుతున్నా. వద్దు. వాటికి రక్తపరీక్ష చేయించేవాళ్లు ఉండరు.

మరి ఏం చేయాలి? అంతా ఒకేసారి పారేయకండి. ఒక అరకిలో, బూజు ఉన్నవీ లేనివీ డ్రమ్ములో వేర్వేరు చోట్ల నుంచి తీసి, కాగితం కవర్లో వేసి, దాని మీద తేదీ, కంపెనీ పేరు రాసి పొడిగా ఉండేచోట పిల్లలకు, జంతువులకు అందకుండా పెట్టండి. రాకీ రిపోర్టు తేడాగా వస్తే పరీక్షకు ఇది అవసరమవుతుంది. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ఆహార పరీక్షా ల్యాబులు అఫ్లాటాక్సిన్ చూస్తాయి. మిగతాది మూటకట్టి, కుక్కలు చింపలేని విధంగా చెత్త బండిలో వేయండి, లేదంటే లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. పెంటకుప్ప మీద పోయకండి. కుప్పల్లో, చెత్తబుట్టల్లో కుళ్లిన బ్రెడ్డు, చీజ్ లాంటివాటి మీద వచ్చే ఇంకో రకం బూజు విషం కాలేయం జోలికి పోకుండా నేరుగా నరాల మీద పనిచేస్తుంది. తిన్న కొన్ని గంటల్లోనే కుక్క ఒళ్లంతా వణికిపోతుంది, ఫిట్స్ వస్తాయి. బూజు గింజలు మూటకట్టి పారేసేటప్పుడు మీరు ముక్కుకు గుడ్డ కట్టుకుని, తర్వాత చేతులు కడుక్కుంటే చాలు. కుక్క నుంచి మీకు అంటుకునే జబ్బు కాదు.

నాకు బాధ కలిగించింది ఆ కవరు పారేయడం. దాని మీద లాట్ నంబరు, తయారీ తేదీ ఉంటాయి. అమెరికాలో ఆ బస్తాలను పట్టుకున్నది ఆ అంకెలతోనే. మన దగ్గర పరిస్థితి ఇంకా వదులు. 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో జంతువుల మేత ఆహారం కిందికే రాదు. ఏదైనా జరిగితే అడగడానికి మీ చేతిలో ఉండేది బిల్లూ, ఆ అంకే. దుకాణానికి వెళ్లి బిల్లు కాపీ అడగండి, అదే లాట్ బస్తా ఇంకోటి ఉంటే ఫోటో తీసుకోండి. బస్తా కొన్నప్పుడే తడిసి ఉందని, గడువు దాటిందని తేలితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. డ్రమ్ములోనే బూజు పట్టిందని అనిపిస్తే దుకాణంవాడితో గొడవ పెట్టుకోకండి, అక్కడ మీ వాదన నిలవదు.

డ్రమ్ములో బూజు ఎలా వచ్చిందంటారా? ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఆ గింజల్లో తేమ పదో వంతు ఉంటుంది, అంత తక్కువలో బూజు బతకదు. మనం దానికి నీళ్లు అందిస్తాం. అప్పుడే కడిగిన స్టీలు గ్లాసుతో తోడటం, రాకీ గిన్నె కడిగిన తడి చేత్తోనే మూత తీయడం, వానరోజు మూత సగం పెట్టి వదిలేయడం. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే గోడ పక్కన డ్రమ్ము పెడితే లోపలి అంచున ఆవిరి చుక్కలుగా దిగుతుంది, ఆ చుక్కలు అడుగుకు చేరతాయి. పైగా గింజల మీద కొవ్వు పూత ఉంటుంది. అది ప్లాస్టిక్‌కు అంటుకుని జిడ్డవుతుంది. దాని మీదే కొత్త బస్తా పోస్తాం.

ఈసారి నుంచి బస్తాను అలాగే, కవరుతో సహా డ్రమ్ములో దించండి. మూతి మడిచి క్లిప్పు పెట్టండి. ఆ కవరు లోపలి పొర గాలీ తడీ చొరకుండా చేసిందే, దాన్ని చించి పారేసి మామూలు ప్లాస్టిక్‌లో పోసుకోవడం మనకు మనం చేసుకునే నష్టం. డ్రమ్మును సబ్బునీళ్లతో కడిగి, ఒక రోజంతా బోర్లించి, పూర్తిగా ఎండాకే వాడండి. వంటింట్లో పొయ్యి పక్కన, మేడ మెట్ల కింద, బాత్రూం గోడ పక్కన వద్దు. తోడటానికి ఒక పొడి కప్పు లోపలే ఉంచేయండి. వానాకాలంలో పది కిలోలు కొనకండి, ఆఫర్ ఎంత ఉన్నా. మూడు వారాల్లో అయిపోయేంత తెచ్చుకోండి. కొన్ని పెట్ షాపుల్లో పెద్ద బస్తా తెరిచి కిలో లెక్కన కవర్లలో కట్టి అమ్ముతారు, చవక కూడా. లాట్ నంబరు ఉండదు, ఎప్పుడు తెరిచారో తెలియదు, దుకాణం గుమ్మం దగ్గర మూత లేకుండా నిలబడి ఉంటుంది ఆ బస్తా. అది మాత్రం అస్సలు కొనకండి.

చివరిగా వండిపెట్టడం గురించి. పెట్టొచ్చు, నేను వద్దనను. కానీ బూజు విషం భయంతో అయితే అది కారణం కాదు. ప్యాకెట్‌లోకి వచ్చే మొక్కజొన్న, నూకలు, తవుడు ఆ పొలాల నుంచే వచ్చేవి, మీ వంటింటి డబ్బాలోవీ అక్కడివే. నిజం చెప్పాలంటే మన ఇళ్లలో కుక్క అన్నానికి విడిగా ఒక డబ్బా ఉంటుంది. పురుగు పట్టిన నూకలు, వానకు తడిసి నల్లబడ్డ జొన్నలు, ఎప్పటివో పల్లీలు అందులోకి చేరతాయి. "వాడికేం తెలుస్తుంది" అని. వంద డిగ్రీల్లో ఉడికినంత మాత్రాన ఆ దోషం పోదని పైన చెప్పాను. వండిపెట్టాలనుకుంటే మీరు తినే బియ్యంతోనే వండండి. పల్లీలు వేస్తే ముడుచుకున్నవీ, రంగు మారినవీ, తొక్క పగిలినవీ ఏరేయండి. ఈ విషం ఎక్కువగా ఉండేది వాటిలోనే. పిల్లికి మాత్రం అన్నం, పాలు చాలవు. దానికి టారిన్ అనే పదార్థం మాంసం, చేపల నుంచే రావాలి. లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి.

రిపోర్టులు వచ్చేదాకా రాకీకి కొత్త బస్తా కూడా మొదలుపెట్టకండి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం కొంచెం కొంచెంగా రోజుకు నాలుగైదు సార్లు పెట్టండి. ఎంత తిన్నాడో, నీళ్లు ఎన్ని తాగాడో రాసుకోండి. లివర్ రీడింగులు పెరిగి ఉంటే ఏ తిండి ఎంత పెట్టాలో డాక్టరు చెబుతారు, మాంసం ఎంత ఉండాలన్నది కూడా అప్పుడు మారొచ్చు. బాగుంటే కొత్త తిండిని వారం రోజుల్లో మెల్లగా కలుపుతూ మార్చండి. రిపోర్టు రాగానే ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపండి.